తువ్వాల వేసిన సీటు

నేను ఒక తువ్వాలను. ఎర్ర అంచు తెల్ల తువ్వాలనని ఒకప్పుడు చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నడుమంతా అట్టగట్టి నల్లబడింది. అది నెత్తురు. కోర్టు సామాను గదిలో ఒక గొడ్డలికీ, పగిలిన సోడా సీసాకీ మధ్య, మూడో నంబరు చీటీ కట్టించుకుని పడున్నాను. పక్కనున్న గొడ్డలికి తన కేసు గురించి చెప్పుకోవడమంటే మహా సరదా. పోవే, నువ్వు ఇనుముగా పుట్టావు, నరకడం నీ పని. చెమట తుడవడానికి పుట్టిన నా గతి చూడు అంటాను.

నా పుట్టుక మాత్రం ఏం సుఖం! సిద్దిపేటలో మగ్గం మీద పోగుకో దెబ్బ తిని పుట్టాను. అక్కణ్నుంచి ఓదెలు అనే ట్రాక్టర్ డ్రైవర్ భుజానికి చేరాను. కొసలు పోగులు లేస్తున్నాయని అతను నన్ను తన దోస్తు రాజలింగానికి ఇచ్చాడు. రాజలింగం దర్జీ. ఒళ్లో పరుచుకుని, చిన్న చిన్న కుట్లతో నా రెండు కొసలూ మడిచి కుట్టాడు. నన్ను కొట్టని చెయ్యి అదొక్కటే. సూది గుచ్చలేదా అంటారేమో, గుచ్చాడు. కానీ ఆ తర్వాతే కదా నేను విడిపోకుండా నిలబడ్డాను!

ఓదెలు మనసు వెన్న, చెయ్యి ఇనుము. వాడికి చట్టం తెలియదు, తువ్వాల తెలుసు. మా వైపు బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో దస్తీయో విసిరితే ఆ సీటు విసిరినవాడిది. దానికి రాతకోతలు లేవు, సాక్షులక్కర్లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి నన్ను పక్కకు జరిపి కూర్చున్నాడు. ఓదెలు గుద్దిన గుద్దుకు ఆయన ముందు పన్ను ఊడి ఒళ్లో పడింది. బస్సంతా తప్పు పెద్దమనిషిదే అంది. "తువ్వాల జరుపుతవా? కండ్లు నెత్తికెక్కినయా?" అని కండక్టర్ కూడా ఆయన్నే తిట్టాడు. అదిగో, ఓదెలు చెడిపోయింది అక్కడే అని నేనంటాను.

ఆ ఏడు పట్నంలో ఒక కొత్త సినిమా వచ్చింది. అందులో హీరో చొక్కాకు ఏదో వింత కాలరు ఉందట. దసరాకు మాకు అదే కావాలని మా ఊరి పోరగాళ్లంతా రాజలింగం దుకాణం మీద పడ్డారు. ఆ సినిమా మా ఊరి టాకీసుకు రావాలంటే ఆరు నెలలు. ఈలోగా బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన దర్జీ ఆ కాలరు కుట్టేస్తే రాజలింగం మిషను మూసుకోవాల్సిందే. "ఒక్కసారి కండ్లతోని సూస్తే సాలురా, కుట్టేస్త" అన్నాడు రాజలింగం. "పోదాం పా! పట్నం ఎంత దూరం?" అన్నాడు ఓదెలు. అంతే, మర్నాడు మాట్నీకి హైదరాబాదులో దిగాం.

టికెట్ల కిటికీ ముందు ఇనుప కంచెల సందు. అందులో మనుషులు బస్తాల్లా ఇరుక్కుని ఉన్నారు. ఓదెలు నన్ను తలకు చుట్టి జనం నెత్తుల మీదికెక్కి పాకాడు. ఎవడిదో చెవి వాడి కాలి కింద నలిగింది, ఎవడో వాడి పిక్క కొరికాడు. పోలీసు లాఠీ రెండుసార్లు దిగింది, రెండోది నా మీదే. అయినా బాల్కనీ టికెట్లు రెండు పిడికిట్లో పట్టుకుని దిగాడు. టికెట్ల వెనక పెన్సిలుతో ఏదో గీకి ఉంది. ఓదెలు అటు చూడలేదు, జేబులో కుక్కుకున్నాడు.

లోపలికి వెళ్లేసరికి దీపాలు ఆర్పేశారు. నడిమి వరుసలో రెండు సీట్లు ఖాళీగా కనిపించాయి. ఓదెలు వరుస చివర్నుంచే నన్ను విసిరాడు. రెండింటి మీదా పరుచుకుని పడ్డాను. నా పని నేను చేశాను, ఇందులో నా తప్పేముంది చెప్పండి!

వాళ్లు కూర్చోకముందే అటువైపు నుంచి ఇద్దరు పట్నంవాళ్లు వచ్చారు. "కాకా, జర నంబర్ సూస్కో. గివి మావి" అన్నాడు వాళ్లలో లావుపాటివాడు.

"నంబరేంది? తువ్వాల కనవడ్తలేదా?" అన్నాడు ఓదెలు.

లావుపాటివాడు నవ్వాడు. నన్ను రెండు వేళ్లతో ఎత్తి కింద పడేసి, చెప్పుకాలితో తొక్కి, కూర్చున్నాడు. నాకేం అవమానం కాలేదు, అంతకంటే మురికినే తుడిచాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఓదెలు వాడి గల్లా పట్టి లేపి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లింది. ముందు వరుస ఆడవాళ్లు కేకలు పెట్టారు.

"పోనీ తియ్యిరా ఓదెలూ, ఎన్క వరుస కాలీనే ఉన్నది. సీన్మ షురువైంది" అంటూ రాజలింగం ఇద్దరి మధ్యా దూరాడు. అప్పుడే తెర మీద హీరో దిగాడు. థియేటరంతా ఈలలు. రాజలింగం అన్నీ మరిచి, "అగో, కాలరు!" అని తెర వైపు తల ఎత్తాడు. రెండో పట్నంవాడు చేతిలోని సోడా సీసా సీటు కమ్మీకి కొట్టి పగలగొట్టి ఓదెలు మీదికి విసురుగా పొడిచాడు. ఓదెలు వంగాడు. సీసా రాజలింగం కుడి కంట్లో దిగింది.

రాజలింగం రెండు కళ్లతో చూసిన ఆఖరి వస్తువు ఆ కాలరే.

పొడిచినవాడు సీటు దూకి పారిపోయాడు. ఓదెలు వాడి వెంట పడలేదు. కింద పడున్న నన్ను తీసి, తాడులా మెలిపెట్టి, నన్ను తొక్కినవాడి మెడకు వెనక నుంచి వేసి గుంజాడు. ఆ గొంతు నా మడతల్లో కొట్టుకుంది. నరాలు ఉబ్బడం, ఊపిరి తెగడం అన్నీ నాకు తెలిశాయి. వాడి గోళ్లు నన్ను చీరుతున్నాయి. రాజలింగం చక్కగా కుట్టిన అంచే వాడి మెడలో దిగబడింది.

"ఓదెలూ, తువ్వాల ఇయ్యిరా" అన్నాడు రాజలింగం. నేల మీద మోకాళ్లేసి, దోసిలి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు.

ఓదెలు ఇంకా గట్టిగా గుంజాడు.

"తువ్వాలరా! కన్ను కారిపోతుంది!"

విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే నా మెలి ఒక్క క్షణం సడలింది. కానీ వదల్లేదు. వదలరా సచ్చినోడా అని నేనెంత మొత్తుకున్నా బట్టకు నోరేది?

మూడోసారి రాజలింగం తువ్వాల అనలేదు. "అన్నా" అన్నాడు. ఎన్నడూ అలా పిలిచినవాడు కాదు. అప్పుడు పిడికిలి విడిపోయింది. లావుపాటివాడు దగ్గుతూ సీట్ల మధ్య పడ్డాడు, బతికాడు. ఓదెలు నన్ను తెచ్చి దోస్తు ముఖానికి కట్టాడు. ఒక మనిషి ఊపిరి తీయబోయిన వేడి ఇంకా ఆరకముందే ఇంకో మనిషి నెత్తురు తాగాను.

కన్ను దక్కలేదు. సీసా పట్టినవాడి మీద ఒక కేసు, మెడకు తువ్వాల వేసిన ఓదెలు మీద ఇంకో కేసు. ఓదెలు జేబులో దొరికిన టికెట్లు తిప్పి సర్కారు వకీలు నంబర్లు చదివాడు. వీళ్ల సీట్లు సరిగ్గా ఆ వెనక వరుసలోవే. కొట్లాట ఆగేదాకా అవి ఖాళీగానే ఉన్నాయి. కోర్టులో ఎవరో నవ్వారు.

ఆ తర్వాత నల్లద్దాలతో రాజలింగం సాక్ష్యానికి వచ్చాడు. "చీకట్ల కనవడలే అను బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అని ఓదెలు తల్లి ముందురోజే వెళ్లి అతని గడప దగ్గర కూర్చుని వచ్చింది. ఆ ఒక్క మాటతో ఓదెలు ఇంటికి వెళ్లిపోవచ్చు.

"ఇది గుర్తుపడతావా?" అని వకీలు నన్ను చేతికిచ్చాడు.

రాజలింగం ఉన్న కంటితో చూడలేదు. నా కొస వెతికి, కుట్ల మీద వేలు నడిపాడు. "గుర్తువడ్త సార్. అంచు నేనే కుట్టిన."

"దీన్ని ఆ మనిషి మెడకు వేసిందెవరు?"

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. రాజలింగం వేలు నా మీద అలాగే ఉంది.

"ఓదెలు" అన్నాడు. "కంటికి అడ్డం పెట్టుకుంట, తువ్వాల ఇయ్యిమని మూడుసార్లు పిలిచిన సార్. మూడోసారికి ఇచ్చిండు."

బోనులో ఓదెలు తల వంచుకున్నాడు. ముఖమంతా తడిసిపోయింది. తుడుచుకుందామని అలవాటుగా చెయ్యి భుజం మీదికి పోయింది, అక్కడ నాకోసం వెతికింది. నేను రాజలింగం చేతిలో ఉన్నాను.