పన్నెండు కుట్లు

పొద్దున్నే షట్టరెత్తి, మిషనుకో చుక్క నూనె వేసి, నిన్న కుట్టిన మాటలు నిలిచాయో ఊడాయో చూసుకోవడం టైలరక్కకు అలవాటు. చిన్నప్పుడు తనూ చెల్లెలూ ఆటగా అల్లుకున్న భాష అది. ఇప్పుడు వీధి వీధంతా అందులోనే బేరాలాడుతుంది. కొత్త మాట పుడితే గుడ్డ మీద కుట్టాల్సిందే. నిజమైన మాటను కత్తెర కూడా తెంపలేదు. అబద్ధమైతే దారం దానంతటదే ఊడిపోతుంది. 'సోమరి' అని అర్థమొచ్చే మాట ఎదురింటాయన లుంగీకి పట్టుకుని, ఎన్ని లుంగీలు మార్చినా వెంటపడి, ఆయన వారంపాటు నీళ్లు మోశాకే ఊడింది. వాళ్లావిడ తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈమధ్య అక్కాచెల్లెళ్లు ప్రభుత్వాల మీద పడ్డారు. అందరూ కూర్చుని తేల్చుకునే పాలనకు 'లిమ్మ' అని పేరు పెట్టారు. జనాన్ని లోపలేసి బయట గడియ పెట్టే పాలనకు 'తుగ్రోణి' అన్నారు. ఆ రెండోది చెల్లెలు బజార్లో గట్టిగా అనేసింది. అప్పటికప్పుడే పోలీసులు పట్టుకుపోయారు.

నాలుగో రోజు ఊరి పాలకుడే కొత్త కోటు పట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"జేబు మీద లిమ్మ అని కుట్టు. మీ చెల్లెల్ని వదిలేస్తా."

"నిలవదండీ."

"నిలిచేలా కుట్టు. ఆ మాత్రం చేతకాదా?"

చెల్లెలు గుర్తొచ్చి టైలరక్క కోటు అందుకుంది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఎర్రదారం ఎక్కించి, అతని కళ్లముందే, లెక్కగా పన్నెండు కుట్లలో 'తుగ్రోణి' అని కుట్టేసింది.

అతను కోటు మురిక్కాలవలో విసిరికొట్టాడు. జీపెక్కేలోపు మాట చొక్కా మీదికొచ్చింది. చొక్కా మారిస్తే బనీను మీదికొచ్చింది. రెండోనాడు గుండెలకు ఫైలు అడ్డం పెట్టుకుని మళ్లీ వచ్చాడు.

"దీన్ని ఊడదియ్యి!"

"నా చేతిలో ఏముందండీ? గడియ మీ చేతిలో ఉంది."

సాయంత్రానికి చెల్లెలు వచ్చేసింది, చిక్కి సగమై. అక్క ఆమెను వాటేసుకుని భోరుమంది. వెనకే వచ్చిన కానిస్టేబులు గుమ్మంలో నసిగాడు.

"అక్కా, ఒక్క కుట్టే ఊడిందట. సారు గోల పెడుతున్నారు."

"లోపల ఇంకా పదకొండుమంది ఉన్నారక్కా," అంది చెల్లెలు.

టైలరక్క కళ్లు తుడుచుకుంది.

"విన్నావుగా తమ్ముడూ? ఇంకా పదకొండుసార్లు గడియ తియ్యమను. మళ్లీ ఎవరినైనా లోపలేస్తే, మా కొట్లో ఎర్రదారానికి కొదవ లేదని కూడా చెప్పు."