మూడు చిల్లులు

కుళాయి మేస్త్రికి ఎక్కడైనా లీకు ఉందంటే కాలు నిలవదు. చుట్టాలింటికి భోజనానికి వెళ్లినా ముందు వంటింట్లో సింకు కింద తల దూర్చి చూసి గాని కంచం ముందు కూర్చోడు. ఆయన భార్య దీనికి సిగ్గుపడటం మానేసి చాలా ఏళ్లయింది. "ఆయనంతేలెండి, చూసుకోనివ్వండి" అని చెప్పి తన మానాన తను కబుర్లలో పడుతుంది.

ఆయనకు ఒక్కతే కూతురు. పదిహేడేళ్ల పిల్ల, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, వాయించేది మాత్రం ట్యూబా, బ్యాండులో అన్నిటికన్నా పెద్ద ఊదుడు వాద్యం. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే పిల్ల కనబడదు, ఆ ఇత్తడి గొట్టాల చుట్ట కింద రెండు మోకాళ్లు మాత్రం కనబడతాయి. అందులోంచి అంత లోతైన మోత ఎలా వస్తుందో మేస్త్రికి ఇప్పటికీ అంతుపట్టలేదు. అయినా పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ, అడిగినా అడగకపోయినా, మా అమ్మాయి ట్యూబా వాయిస్తుందని చెప్పందే పైపు బిగించడు.

చదువు ముగియడంతో బడివాళ్ల ట్యూబా బడివాళ్లకే ఇచ్చేయాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఊరి బ్యాండులో ట్యూబా కుర్చీ ఖాళీ అయింది. బ్యాండు మొత్తానికి ఆ కుర్చీ ఒక్కటే. దానిలో కూర్చున్న పెద్దాయన ఇరవై ఆరేళ్లు కదల్లేదు. ఇప్పుడు తప్పిపోతే పిల్ల వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆదివారం ఎంపిక. వాద్యం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

దొరికినవి రెండు. ఒకటి వాద్యాల దుకాణంలోని కొత్తది. ముఖం చూసుకోవచ్చు, అంత మెరుపు. రెండేళ్ల పూచీ కాగితం కూడా ఇస్తారు. రెండోది ఆ పెద్దాయనదే. వంపుల దగ్గర సొట్టలు, పట్టుకునే చోట ఇత్తడి రంగు మారి గోధుమరంగుకు తిరిగింది. విచిత్రం ఏమిటంటే ధర దీనికే ఎక్కువ.

"పాతదానికి ఎక్కువిచ్చి కొత్తదాన్ని వదిలేసేవాళ్లని ఎక్కడైనా చూశామా?" అన్నాడు మేస్త్రి.

"వింటే తెలుస్తుంది నాన్నా" అంది కూతురు.

పెద్దాయన మొహమాటం లేని మనిషి. "వారం రోజులు ఇంట్లో పెట్టుకుని వాయించుకోమ్మా. నచ్చకపోతే తెచ్చెయ్" అని తన ట్యూబా ఇచ్చి పంపాడు. మొదటి సాయంత్రం పిల్ల ఒక్క స్వరం ఊదింది. అలమారలో గాజు గ్లాసులు సన్నగా మోగాయి. ఆమె పెదవులు తీసి, నాన్న వైపు చూసి, మళ్లీ ఊదింది. ఆ ముఖం చూశాక కొత్తదాని సంగతి ఎత్తడానికి మేస్త్రికి నోరు రాలేదు.

నోరు రాలేదు గాని చెయ్యి ఊరుకోలేదు. బుధవారం పిల్ల బయటికి వెళ్లినప్పుడు ఆయన ట్యూబాను వంటింటి బల్ల మీద పడుకోబెట్టాడు. సంగీతం తెలియకపోతేనేం, గొట్టాలు తెలుసు, వాల్వులు తెలుసు. గ్యాసు పైపుకు రాసినట్టే అతుకులన్నిటికీ సబ్బు నురుగు రాసి, మూడు వాల్వులనూ ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు. నొక్కినప్పుడల్లా వాల్వు అడుగున బుడగ ఉబ్బింది. తుడిచి చూస్తే, అడుగు మూతల్లో నట్టనడుమ ఒక్కో చిల్లు. మూడింటికి మూడు.

"చూశావా, ముసలాయన చిల్లులున్న సరుకు అంటగట్టాడు" అన్నాడు భార్యతో. కోపంగా ఏం కాదు, హుషారుగా అన్నాడు.

"అమ్మాయిని అడిగి ముట్టుకోండి."

"లీకు కట్టడానికి అడిగేదేముందే!"

మూతలు విప్పి, శుభ్రంగా గీకి, టంకం పెట్టి, పైన ఆకురాయితో నున్నగా అరగదీసి మళ్లీ బిగించాడు. ఇన్నేళ్లలో తన పని కూతురి సంగీతానికి పనికొచ్చింది ఆ ఒక్క రోజే. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేదు. పిల్ల వాయించగానే తేడా తనే కనిపెడుతుంది, అప్పుడు చెబుదాంలే అనుకున్నాడు.

తేడా కనిపెట్టింది. వాల్వులు నొక్కితే ఎదురు తంతున్నాయి, వదిలితే బద్ధకంగా లేస్తున్నాయి. వేగంగా వాయించే చోట స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పిల్ల నూనె వేసింది, తుడిచింది, మళ్లీ వేసింది. గురువారం అంతా అదే పని. శుక్రవారం ఉదయానికి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వన్నదే నిజం నాన్నా. పాతది పాతదే. కొత్తదే కొందాం."

తన మాటే నెగ్గినందుకు మేస్త్రికి సంతోషం కలిగింది. ఆ సంతోషానికి తర్వాత ఆయన చాలాసార్లు సిగ్గుపడ్డాడు, కాని ఆ పూట కలిగిన మాట నిజం. అరిగిపోయిన సరుకును టంకం మాత్రం ఎన్నాళ్లు కాపాడుతుంది అనుకున్నాడు. తన పని మీద ఆయనకు అనుమానమన్నదే పుట్టలేదు.

శనివారం పొద్దున్నే పెద్దాయనకు ట్యూబా అప్పజెప్పారు. కారణం చెబితే ఆయన వాల్వులు నొక్కి చూసి, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా దగ్గర బాగానే ఉండేదమ్మా" అన్నాడు. 

అక్కడినుంచి నేరుగా దుకాణానికి వెళ్లారు. యజమాని కొత్త ట్యూబా కౌంటరు మీద పెట్టాడు. పిల్ల వాయించి చూసింది. "బాగానే ఉంది" అంది, హాజరు పలికినట్టు. అలవాటు కొద్దీ మేస్త్రి దాన్ని బోర్లించి అడుగు చూశాడు. వాల్వుల అడుగు మూతల్లో నట్టనడుమ ఒక్కో చిల్లు. మూడింటికి మూడు.

"కొత్తదానికి కూడా చిల్లులేమిటండీ?"

యజమాని నవ్వాడు. "వాల్వు కిందికి దిగితే లోపల గాలి ఎక్కడికి పోతుందండీ? ఆ చిల్లులు మూస్తే వాల్వు సరిగ్గా ఎలా కదులుతుంది!"

మేస్త్రికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కూతురు కౌంటరు దగ్గర రసీదు రాయించుకుంటోంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ధర తక్కువ, పూచీ ఉంది, తన మాటా నిలబడుతుంది. ఒక్క క్షణం తటపటాయించాడని చెబితే అందంగా ఉంటుంది గాని, నిజానికి ఆయన ఆ ట్యూబాను బోర్లించుకుని చాలాసేపే నిలబడ్డాడు.

"రసీదు ఆపమ్మా. పాతదాని వాల్వులు పాడు చేసింది నేనే" అన్నాడు చివరికి. "లీకనుకుని మూసేశాను."

పిల్లకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నాకు చెప్పకుండానా?" అంది. తర్వాత పెద్దాయన ఇంటికెళ్లే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.  ఆయన ఎక్కడికెళ్లినా వదలని పనిసంచి ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీని సరిచేస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన తలుపు వేయలేదు. లోపల నేల మీద పాతగుడ్డ పరిచి, వాల్వులను పైనుంచి బయటికి తీసి, ఒక్కొక్కటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని తుడుస్తున్నాడు. వీళ్లను చూసి, "మంచిదన్న నా మాట నమ్మి తీసుకెళ్లారు, మీకు చెడ్డ సరుకు ఇచ్చానే అని కష్టంగా ఉంది" అన్నాడు. "వాల్వులు బాగానే ఉన్నాయి. మరి ఎందుకు లేవవు? నా వేళ్లలోనే బలం పోయిందేమో. ఇన్నాళ్లూ నాకే తెలియలేదేమో."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చిల్లుల సంగతి చెప్పేశాడు. క్షమించమని అడగబోయి, పనిసంచి విప్పాడు.

పెద్దాయన అడుగు మూత విప్పి వెలుగులో తిప్పి చూశాడు. వేలితో తడిమాడు. "పని మాత్రం శుభ్రంగా చేశావయ్యా" అన్నాడు. పిల్లకు నవ్వు వచ్చింది. కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది.

మేస్త్రి మూతలు వేడిచేసి, ఒక్కొక్కటీ బల్లకేసి తట్టాడు. టంకం చుక్కలు మూడు రాలాయి. సన్నని తీగతో చిల్లులు శుభ్రం చేసి బిగించాడు. పిల్ల ట్యూబాను ఒళ్లోకి తీసుకుని ఊదింది. నెమ్మదిగా మొదలై, వేగం అందుకుని, వాల్వులు ఆమె వేళ్లతో పాటే పడ్డాయి, లేచాయి. గదిలో కిటికీ రెక్క మోగింది. పెద్దాయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒకసారి ముడిచి విప్పి చూసుకున్నాడు.

"వేలు పెట్టి చూడు, తెలుస్తుంది" అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి కూతురి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మధ్య వాల్వు అడుగున వేలు పెట్టాడు. నొక్కినప్పుడల్లా చిన్న ఊపిరి వేలికి తగిలింది. జీవితమంతా గాలీ నీళ్లూ పోయే దారులు మూస్తూ వచ్చిన వేలు అది. వెచ్చగా, పదేపదే తగులుతున్న ఆ గాలి కూతురిదే. ఆయనకు కళ్లు చెమర్చాయి. ఇంకాస్త బాగా తెలియాలని వేలిని గట్టిగా ఆనించాడు.

వాద్యం ఆగింది. ఇత్తడి వెనకనుంచి, పొద్దుటినుంచి లేని మెత్తని గొంతు వినిపించింది.

"నాన్నా, వేలు తియ్యి."

మేస్త్రి వేలు తీశాడు.