నూనె ఎలుకలు

డబ్బా మూత ఎత్తగానే ఉచ్చ కంపు గుప్పున కొట్టింది. అంజమ్మ ముక్కుకు మాస్కు ఉన్నా ఆగలేదు. అడుగున పరుపుగా పోసిన మక్కబెండ్ల నూక, గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకుల పొడి, అంతా ముద్దయిపోయి ఉంది. తడవాల్సిన డబ్బా అయితే ఆమె పట్టించుకునేది కాదు. ఇది తడవకూడని డబ్బా.

కొండాపూర్‌లో ఓ అద్దాల మేడ. పై అంతస్తుల్లో కంప్యూటర్లోళ్లు, అడుగు అంతస్తులో నల్ల చిట్టెలుకలు. లింగంపల్లి నుంచి రోజూ వచ్చి ఆ ఎలుకల డబ్బాలు మార్చడం అంజమ్మ పని. పాత నూక పారబోయాలి, కొత్త నూక పోయాలి, ఎలుకను తోక మొదట్లో పట్టుకుని మెల్లగా వదలాలి. చేతికి తొడుగు, తలకు టోపీ, కాళ్లకు సంచులు. మొదట్లో అద్దంలో చూసుకుని తానే జడుసుకుంది.

ఆ ఎలుకల కథేందో స్రవంతి మేడం ఒకసారి విడమరిచి చెప్పింది. ఆమె పెద్ద సైంటిస్టు, సొంతూరు సిద్దిపేట పక్కనే, మాటలో దాపరికం ఉండదు.

"వీటి ఒంట్లో ఒక జీన్ ఉంది అంజమ్మా. దానికి అటు ఇటు గుర్తులు పెట్టి పుట్టించినం. ఆ గుర్తుల కాడ కోసే కత్తెర కూడా ఒంట్లనే ఉంది, కానీ ఒక్క పాంక్రియాస్‌లనే. కడుపుల షుగర్ సంగతి చూసుకునే అవయవం లేదా, అది. ఆ కత్తెర ఊకె నిద్రపోతుంటది. మందు పోస్తెనే లేస్తది, జీన్‌ను కోస్తది. గుండె జోలికి, కాలేయం జోలికి పోదు."

మందును నూనెలో కలిపి సగం ఎలుకలకు నోట్లో పోస్తారు. మిగతా సగానికి వట్టి నూనె. మందు ఎలుకలకు షుగర్ వస్తుంది, నీళ్లు తెగ తాగుతాయి, డబ్బా తడిసిపోతుంది. నూనె ఎలుకలు మామూలుగా ఉండాలి. రెండింటికీ తేడా చూస్తేనే ఆ జీన్ చేసే పనేందో తెలిసేది. ఇప్పుడు నూనె ఎలుకలే తడుపుతున్నాయి. తోక కొసన రక్తం చుక్క తీసి చూస్తే వాటికీ షుగరే.

స్రవంతి మేడం ఆ రోజు తలుపు దగ్గరేసి మరీ మాట్లాడింది. "ఈ గదిలకు వచ్చేది ముగ్గురమే. నేను, అజయ్, నువ్వు. ఎవరో ఏదో చేస్తుర్రు. ఈ వారంలో తేలకపోతే మనిషిని మార్చమని నీ ఏజెన్సీకి చెప్పాల్సి వస్తది. ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎట్ల ఉంటుంది? అజయ్ చదువుకునే పిల్లగాడు, వాణ్ని మార్చరు. మార్చేది తననే.

గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉన్న మొగుడు మొగిలికి చెప్తే, అతను కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"నీ మీదికే వస్తది. సదువుకున్నోళ్ల మీదికి వస్తదా?"

"నేనేం చేసిన?"

"ఏం చెయ్యలేదనే అందరు అంటరు. నిన్న దొరికిన పైపుల దొంగ గూడ గట్లనే అన్నడు."

"థూ, నీ నోట్ల మన్ను వడ."

మొగిలి నవ్వి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆ సన్నపోడు లేడా, అజయ్ సారు. ఆదివారం నాడొచ్చిండు. మీ గదికి సెలవు గదా? సంచి పట్టుకొని పోయిండు, సంచి దాసుకుంట వచ్చిండు. నమస్తె పెడితె ఉలిక్కిపడ్డడు."

ఆ మాటతో అంజమ్మ మనసులో పురుగు దూరింది. అజయ్‌ది కాకినాడ దిక్కు. "అంజమ్మగారూ, కొంచెం జరుగుతారా అండీ" అంటాడు. ఇన్నాళ్లూ ఆ మర్యాదకు మురిసిపోయింది. ఇప్పుడనిపిస్తోంది, డబ్బాలు కడిగేదానికి అంత మర్యాద ఎందుకు? ఏదో దాచేటోడికే గదా అవసరం.

కాపు కాసింది. అజయ్ ఎలుకను ఎత్తితే ఆమె చీపురు ఆగేది. అజయ్ దగ్గితే ఆమె తల అటు తిరిగేది. భోజనాల వేళ అందరూ పైకి పోయాక తలుపుకున్న అద్దంలోంచి చూస్తే, వాడు నూనె సీసాను వెలుతురుకెత్తి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు. చూసి చూసి సింకులో వంపేశాడు. నీళ్లు వదిలి కడిగేశాడు కూడా.

ఇంకేం కావాలి? అంజమ్మ నేరుగా మేడం గదికి పోయింది.

అజయ్‌ని పిలిపిస్తే వాడి ముఖం సున్నం కొట్టినట్టయింది. "రెండు సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయండి. నేనే ఒకదానికి బదులు ఒకటి పోశానేమోనని భయమేసిందండి. ఆదివారం వచ్చి కొంచెం సంచిలో తీసుకెళ్లి, బయట వేరే ల్యాబ్‌లో మా ఫ్రెండు చేత పరీక్ష చేయించానండి. వట్టి నూనేనండి. అయినా మనసొప్పక పారబోసి, కొత్తది కలుపుదామని..."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు నమ్మరని."

"ఇప్పుడు మాత్రం నమ్మాల్నా? ఉన్న ఒక్క సాక్ష్యం సింకుల పోసినవు. నీ ఫ్రెండు నీకు కాక నాకు చెప్తడా నిజం?" మేడం కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "రేపటి నుంచి ఎలుకల గదికి రాకు. నడువుర్రి ఇద్దరు. ముందుగాల నా కండ్ల ముందట ఎవరి పని వాళ్లు చేసి చూపెట్టుర్రి."

అజయ్ కొత్త నూనె కలిపి చూపించాడు. మేడం ఒక్క తప్పూ పట్టలేకపోయింది. తర్వాత అంజమ్మ వంతు. ఆమెకేం భయం? ధీమాగా మందు ఎలుకల డబ్బా మార్చింది. పాత నూకలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టుకుంది. నూనె ఎలుకల డబ్బాలో కొత్త నూక పోసి, ఆ గుప్పెడు దాని మీద చల్లింది.

"ఆగు," అంది మేడం. "అదేంది?"

"ఇదా మేడం? వాసన కోసం." అంజమ్మ సంబరంగానే చెప్పింది. "నూనె డబ్బాలల్ల మగయి కొత్త నూక పోస్తె చాలు, కరుసుకొని సస్తుండె. మేం కుర్మోళ్లం గద, గొర్లు కాసేటోళ్లం. తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానియ్యకుంటె, దాని సొంత పిల్ల వాసన దీనికి పూస్తం. అప్పుడు పాలిస్తది. గట్లనే, కొట్లాడని డబ్బాల నుంచి ఇంత తెచ్చి వేస్తె అన్ని ఒక్క మందే అనుకుంటయని వేస్తున్న. సూడుర్రి, ఎంత సల్లగున్నయో."

అజయ్ మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎలుకలు పెంటికలు తింటయి అంజమ్మా," అంది మేడం. "ఒకదానిది ఇంకోటి గూడ తింటయి. పోసిన మందు పెంటికలల్ల బయటికొస్తది. నువ్వు వేసిన గుప్పెడుల అదే ఉంది. అది తిన్నయి, కత్తెర లేచింది. అవి సల్లగున్నది వాసనకు కాదు. జబ్బు చేసి."

అంజమ్మ చేతిలో ఇంకా కాస్త నూక మిగిలి ఉంది. ఎక్కడ వేయాలో తోచక అట్లాగే పట్టుకుంది.

మేడం దగ్గరికొచ్చింది. "నిజం చెప్పు. ఎవరన్న చెప్పి చేయించిర్రా నీతోని?"

ఆ చూపు అంజమ్మకు తెలుసు. తాను అద్దం వెనక నుంచి అజయ్‌ని చూసింది ఈ చూపుతోనే. చూసినప్పుడు బరువనిపించలేదు. మీద పడ్డాక తెలిసింది.

"ఎవ్వరు చెప్పలే. నా సొంత తెలివే మేడం." అజయ్ దిక్కు చూపించింది. "సారును పంపకుర్రి. దొంగోడని నేనే మీకు చెప్పిన. అది గూడ నా తెలివే. పోయేదాన్ని నేను పోత."

మేడం ఆ తడి డబ్బాల వైపు తిరిగింది. నెలల పని అది, అంతా మళ్లీ మొదలుపెట్టాలి.

"నువ్వు పోతె ఇంకో ఆమెను పంపుతరు," అంది. "ఆమె ఏం చేస్తదో నాకేం తెలుసు? నువ్వు చేసేదేందో ఇప్పటికన్న తెలిసింది. ఉండు. కానీ ఇగ నుంచి నువ్వు డబ్బా మార్చినప్పుడల్ల అజయ్ పక్కన నిలవడి చూడాలె. అజయ్ మందు కలిపినప్పుడల్ల నేను చూస్త."

మర్నాడు పొద్దున అజయ్ చేతులు కట్టుకుని ఆమె మోచేతి పక్కనే నిలబడ్డాడు. అండీ అనలేదు, గారూ అనలేదు. చూపు ఆమె చేతుల మీది నుంచి కదలడం లేదు. అంజమ్మ పాత నూక ఆఖరి రేణువు దాకా చెత్త సంచిలోకి దులిపి, ఖాళీ డబ్బాను అతని ముఖం ముందుకు వంచి పట్టుకుంది.

"సూస్కో సారు. మంచిగ సూస్కో," అంది. అతను నిజంగానే వంగి చూశాడు.