చూసినవాడు

పోలీసు స్టేషన్ నుంచి తిరిగొచ్చాక ఫల్గుణ ఊరి పక్క పారే గెడ్డకు స్నానానికి వెళ్లడం మానేశాడు. పొద్దెక్కాక ఊళ్లో మగవాళ్లంతా గెడ్డలో దిగి ఒళ్లు తోముకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. అతను మాత్రం ఇంటి వెనక తడక చాటున చలికి వణుకుతూ చెంబుతో నీళ్లు పోసుకునేవాడు. చర్చికీ వెళ్లేవాడు కాదు. ఆదివారం పాటలు వినబడుతుంటే కాఫీ తోటలో ఏ చెట్టు మొదట్లోనో కూర్చునేవాడు.

జరిగింది ఊరికి కొంత తెలుసు. కాఫీ పళ్ల తొక్క తీసే షెడ్డులోంచి మిషను మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. ఆ షెడ్డులో పనిచేసేది ఫల్గుణ, అతని భార్య కృపావతికి అన్నయ్య సోములు. ఇద్దర్నీ జీపెక్కించి తీసుకుపోయారు. తర్వాత అసలు దొంగలు కొండ కింద మైదాన ప్రాంతంలో పట్టుబడ్డారు. వీళ్లను "పొండ్రా" అన్నారు. బాగా కొట్టారని కూడా ఊరికి తెలుసు. ఫల్గుణ పాదాలు వాచిపోయి కర్ర పట్టుకుని నడవడం అందరూ చూశారు.

ఊరికి తెలియనిది ఒకటుంది. స్టేషన్ వెనక గదిలో ఎస్సై ముందు అతని బట్టలు ఊడదీసి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి అరికాళ్ల మీద కొట్టారు. తట్టుకోలేక అతను పడుకున్నచోటే పాడు చేసుకున్నాడు. దాన్ని అతని చేతే, అతని పంచెతోనే తుడిపించారు. గోడకు నిలబెట్టిన సోములు అదంతా చూశాడు. చూసి నవ్వాడు.

దెబ్బల నొప్పి నెమ్మదిగా తగ్గింది. ఆ నవ్వు మాత్రం ఫల్గుణ చెవుల్లోంచి పోలేదు. సోములు కూడా అతనికి ఎదురుపడలేదు. వదిలేసిన వారానికే చింతపల్లి వైపు మిరియాల కోతకు వెళ్లిపోయాడు.

ఒకరోజు కృపావతి పెదబయలు సంతకు వెళ్లి వచ్చింది. గంప దించుతూనే మొదలుపెట్టింది.

"సంత కాడ టెంటేసి లాయర్లు మాటాడినారు. డబ్బుల్లేనోళ్లకి వకీలుని ఊరికినే ఇత్తారట. ఒక లాయరమ్మతో మాటాడినాను. కొట్టినోళ్ల మీద కేసు పెట్టొచ్చట. నువ్వొచ్చి జరిగిందేటో సెప్పాల."

"ఏటి సెప్పాల? మోటారు మనం తియ్యలేదని అందరికీ తెలిసిపోనాది. ఇంకేటి కావాల?"

"నిద్దట్లో కేకలేసి లెగిసిపోతన్నావు. పక్కన పడుకున్నదాన్ని, నాకు తెల్దేటి?"

మర్నాడు ఆమె పాడేరు పోయే సర్వీసు జీపులో చోటు చెప్పి వచ్చి, పద అంది. వెళ్లాడు.

లాయరు పేరు బిందుమాధవి. పాడేరులో ఒక చిన్న గదిలో కూర్చుంటుంది. "రండి ఫల్గుణగారూ, కూర్చోండి" అంది. గారూ అన్న మాట వినగానే అతనికి ఏడుపొచ్చినంత పనైంది. జీపెక్కించిన దగ్గర్నుంచి కొట్టిన సంగతి దాకా చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు. ఆమె అతని ముఖం చూసి, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అని కృపావతిని పంపింది. అప్పుడు అతను నేలకేసి చూస్తూ మిగిలింది చెప్పాడు.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఇలాగే జరిగింది. దెబ్బలకి ఒళ్లు మన మాట వినదు. దానికి మీరు తలవంచుకోనక్కర్లేదు. విశాఖలో ఇలాంటివాళ్లతో మాట్లాడి మనసు కుదుటపరిచే డాక్టరు ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి పంపిస్తాను."

అతను తలెత్తలేదు.

"ఇదంతా ఇంకెవరైనా చూశారా?"

"మా బావ సూసినాడు."

"ఆయన చెబితే కేసుకి బలం. గాయాలు మానిపోతున్నాయి. ఇప్పుడు ఆస్పత్రి డాక్టరు రాసిచ్చేది కొంతవరకే పనికొస్తుంది."

"ఆడు సెప్పడు మేడమ్" అన్నాడు ఫల్గుణ. ఆమె బలవంతపెట్టలేదు.

ఊరికి తిరిగొచ్చాక అతనికి అదే ఆలోచన. ఎవరి కంట పడకూడదనుకున్నాడో వాడినే పోయి, నువ్వు చూసిందంతా నలుగురిలో చెప్పు అని అడగాలి. కాఫీ పళ్లు ఏరుతూ ఏరుతూ ఒకరోజు ఆ గదిలో జరిగిందంతా కృపావతికి చెప్పేశాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె చెయ్యి ఆగలేదు. "ఆ పంచె ఎవులు ఉతికినారనుకున్నావు?" అంది.

అతనికి భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఇన్నాళ్లూ ఆమెకు తెలుసు. తెలిసీ అంబలి పోసింది, పక్కన పడుకుంది. తను దాచుకుంటున్నాడని తెలిసి తెలియనట్టే ఉంది. మొహం తిప్పుకుని, దూరంగా ఉన్న చెట్టు దగ్గరికి పోయి ఏరడం మొదలుపెట్టాడు. మర్నాడు మాత్రం చింతపల్లి జీపెక్కాడు.

సోములు సిల్వర్ ఓక్ చెట్టుకు వేసిన నిచ్చెన మీద నిలబడి మిరియాల గుత్తులు కోస్తున్నాడు. బావను చూసి దిగలేదు. ఫల్గుణ నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"కొట్టడానికొచ్చినావా బావా?" పైనుంచి అడిగాడు సోములు.

"నిన్ను నానెందుకు కొడతాను?"

"నవ్వినాను కదా."

సోములు చేతిలోని గుత్తిని సంచిలో వేశాడు.

"నవ్వమన్నాడు. నువ్వు నవ్వితే ఆణ్ని కొట్టడం ఆపుతానన్నాడు ఆ ఎస్సై. నవ్వినాను. ఆపలేదు. ఇంకా గట్టిగా నవ్వమన్నాడు. మా సెల్లికి ఏ మొగం సూపించాల? అందుకే పారొచ్చేసినాను."

ఎస్సై అన్న ఆ మాటలు ఆ రోజు ఫల్గుణ చెవిన పడలేదు. స్పృహ తప్పుతూ ఉన్నవాడికి నవ్వొక్కటే వినబడింది. ఇన్నాళ్లూ మనసులో సోములును తిట్టుకున్న తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

"కోర్టులో సెప్పాల బావా. నువ్వు సూసినదంతా."

"నవ్వినాననీనా?"

"అదీ సెప్పాల. నాను సేసుకున్నదీ సెప్పాల."

సోములు చాలాసేపు పైనే ఉండిపోయాడు. తర్వాత దిగి, మిరియాల సంచి మేస్త్రీకి అప్పజెప్పి, అతని వెనకే నడిచాడు.

బిందుమాధవి కోర్టులో ఫిర్యాదు వేసింది. మేజిస్ట్రేటు ముందు చెప్పాల్సిన రోజున ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. వేరే కేసు పని మీద వచ్చిన అదే ఎస్సై అటుగా పోతూ ఆగాడు.

"ఏరా ఫల్గుణా, బాగున్నావా?"

ఫల్గుణ చటుక్కున లేచి నిలబడి దండం పెట్టాడు. పక్కన సోములూ పెట్టాడు. ఎస్సై చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు. ఇద్దరూ జోడించిన చేతులు దించి, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అలాగే నిలబడ్డారు. ఫల్గుణకు అప్పుడే అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. ఈలోగా పేరు పిలిచారు.

లోపల మేజిస్ట్రేటు, "భయపడకుండా చెప్పు" అన్నాడు.

ఫల్గుణకు లాయరమ్మ నేర్పిన వరస గుర్తు రాలేదు. "అయ్యా, ఇప్పుడే బయట ఆయనకి దండం పెట్టినాను. నన్నలా సేసినాయనకి. పెట్టాలని పెట్టలేదు, సేతులు వాటికవే లెగిసిపోనాయి. నాకు సానా సిగ్గుగా ఉంది" అన్నాడు. అక్కడి నుంచి వెనక్కి పోయి మొత్తం చెప్పాడు. పంచెతో తుడిచిన చోటికి వచ్చాక ఆగిపోయాడు. మేజిస్ట్రేటు మంచినీళ్లు ఇప్పించి, తాగేదాకా ఆగాడు.

తర్వాత సోములును పిలిచారు. అతనూ దాచలేదు. నవ్వమన్నారని, నవ్వానని చెప్పి, గోడకేసి తిరిగి ఏడ్చాడు.

మేజిస్ట్రేటు విచారణకు ఆదేశించాడు. ఆ ఎస్సైని వేరే చోటికి బదిలీ చేశారు. అతనికి శిక్ష ఇంకా పడలేదు, వాయిదాలు నడుస్తున్నాయి. అతని తరఫున రాజీ పడమని ఇద్దరు పెద్దమనుషులు ఊళ్లోకి వస్తే, కృపావతి వాకిట్లో నిలబడి "మాకేటీ వొద్దు, ఎల్లండి" అని పంపేసింది. ఫల్గుణ విశాఖ డాక్టరు దగ్గరికి పోయి వస్తున్నాడు. నిద్దట్లో కేకలు తగ్గాయి గాని పోలేదు. ఖాకీ బట్ట కనబడితే ఇప్పటికీ చేతులు పైకి లేవబోతాయి. అప్పుడు వాటిని చంకల్లో గట్టిగా పెట్టుకుని నిలబడతాడు.

ప్రతి వాయిదాకూ ఇద్దరు బావలూ ఒకే జీపులో పోతున్నారు. దారిలో పెద్దగా మాట్లాడుకోరు.