తెలియక అడుగుతున్నా

"సంతకం పెట్టెయ్ చెల్లెమ్మా, ఓ పనైపోతుంది" అంటూ ఫోర్‌మన్ కాగితం ముందుకు జరిపాడు.

ఆమె కూడబలుక్కుని చదివింది. రంగుల ఫ్యాక్టరీలో తొట్టి కడగడానికి దిగిన తన భర్త, అందులోకి ఆవిరి వదిలే వాల్వు మూసెయ్యకుండానే దిగాడట. తప్పంతా చనిపోయినవాడిదేనట. కిందటేడాదైతే వేలిముద్ర వేసి వచ్చేసేది. ఇప్పుడు ఆ ముక్క గొంతు దిగలేదు.

అక్షరాలు నేర్పిన టీచరమ్మ ఒకసారి సోక్రటీస్ అనే గ్రీకు ముసలాయన సంగతి చెప్పింది. వేల ఏళ్ల కిందటి మనిషి. అబద్ధమాడుతున్నావని ఎవరినీ అనేవాడు కాదట. నాకు తెలియదు, నువ్వే చెప్పు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయేవాడట. చివరికి విషం తాగించి చంపారు. "మా అత్తని అడిగి చూడమనాల్సింది, ముందే పోయేవాడు" అని క్లాసులో ఎవరో అంటే అందరూ పగలబడి నవ్వారు.

"తెలియక అడుగుతున్నానన్నయ్యా. వాల్వు మూశాక ఏం చేస్తారు?"

"తాళం వేస్తారు."

"తాళంచెవి?"

"దిగేవాడి జేబులో ఉంటుంది."

"మరి ఆయన జేబులో ఇది ఉందని ఆసుపత్రిలో ఇచ్చారే?" ఆమె కొంగుముడి విప్పి తాళంచెవి బల్లమీద పెట్టింది. "తాళం వెయ్యనివాడికి చెవి ఎందుకు?"

"నాలుగక్షరాలు రాగానే లాయరమ్మవైపోయావే!"

"ఈ తాళానికి ఇంకో చెవి ఉంటుందా?"

"స్టోర్‌లో ఉంటుంది."

"ఆరోజు స్టోర్‌లో ఎవరున్నారు?"

ఫోర్‌మన్ గుమ్మం వైపు చూశాడు. అక్కడ, అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. శవం దగ్గర అందరికన్నా ఎక్కువ ఏడ్చినవాడు. అక్క ఒక్కతే వెళ్లకూడదని ఇవాళ తోడు వచ్చినవాడు.

ఇక్కడితో ఆపితే తమ్ముడు దక్కుతాడు. చేయని తప్పు మాత్రం ఆయన నెత్తినే ఉండిపోతుంది.

"నువ్వు తీశావట్రా తాళం?"

"ఇంటికెళ్దాం పదక్కా."

"తీశావా?"

"బావ పైకొచ్చేశాడనుకున్నా."

"చూశావా?"

"లేదు."

"చూడకుండా ఎలా అనుకున్నావురా? ఎవరు చెప్పారు?"

వాడు ఫోర్‌మన్ వైపు చూశాడు.

"ఆలోచించి చెప్పరా" అన్నాడు ఫోర్‌మన్ నింపాదిగా. "మీ ఆవిడకి నెలలు నిండాయనుకుంటా."

"ఎవరూ చెప్పలేదు. నేనే."

అది అబద్ధమని వాడి ముఖమే చెబుతోంది. ఆమె అటునుంచీ ఇటునుంచీ అడిగింది. చివరికి బతిమాలింది. వాడు అదే మాట పట్టుకు కూర్చున్నాడు.

ఫోర్‌మన్ కాగితంలో ఆమె భర్త పేరు కొట్టేసి, పైన తమ్ముడి పేరు రాశాడు.

"చదువుకో చెల్లెమ్మా. సరిపోయిందా?"

చదివింది. ఆమె కలం ముట్టుకోలేదు. తమ్ముడే వంగి అందుకున్నాడు.