తాండ్ర అసలు ధర

కోమలి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వడమాలపేట రోడ్డు మీదికి కంపెనీ బస్సు వస్తుంది. ఆ బస్సంటే ఆమెకు వెగటు. ఎప్పుడెప్పుడు మానేద్దామా అని కాచుకుని ఉంది.

మానేసే దారి తల్లి అలివేలమ్మ చేసే మామిడి తాండ్రలో కనిపించింది. తెలిసినవాళ్లకు మాత్రమే అమ్మే ఆ తాండ్ర కోసం ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. ఇంట్లో ఉన్న సరుకంతా అందులోకి ఎక్కిస్తుంటే, ఒక్కో పొట్లం అసలు ధర, అంటే తయారీకి అయ్యే ఖర్చు, ఎంతని యాప్ అడిగింది. చెట్లు సొంతం, ఆరబెట్టే చాపలు సొంతం, చేసేది అమ్మ. ఇంటి సరుక్కి ధరేమిటని నవ్వుకుని సున్నా కొట్టింది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఎవరైనా అదే కొడతారు.

సరుకు ఇట్టే అమ్ముడైపోయింది. వచ్చిందంతా లాభమేనని యాప్ చూపించింది. యాప్‌దేం పోయింది, చెప్పిందల్లా నమ్ముతుంది. ఆ లాభం జీతం కన్నా ఎక్కువే. కోమలి సంతోషం పట్టలేక రాజీనామా రాసి పెట్టుకుంది.

ఆదివారం పొద్దున కొత్త సరుకు ఎక్కించబోతూ చూస్తే, అలివేలమ్మ పెరట్లో నడుము పట్టుకుని కూర్చుని ఉంది. చాపల మీద ఆరిన పొరపై ఇంకో పొర రసం పూయాలి.

"నడుం ఒంగడంల్యా మే. పక్కింటి పోలేరమ్మను పిల్చుకోని రా, కూలిచ్చేద్దాం."

"ఎంతియ్యాల మా?"

"పొద్దంతా ఎండలో పూయాల, కాకుల్ని తోలాల. నాన్నూరు ల్యాకుండా ఎవురొస్తారు?"

కోమలికి యాప్‌లో అసలు ధర గడి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ అమ్మ పడిన చాకిరీకి తను వేసింది సున్నా.

యాప్ తెరిచి, కాయలకూ బెల్లానికీ కూలికీ కలిపి ధర వేసింది. కళ్లముందే లాభం కరిగి, నెలకు ఇంటి బియ్యం ఖర్చంత మిగిలింది. మళ్లీ సున్నా కొడితే రాజీనామా నిలుస్తుంది. వేలు కాసేపు ఆ గడి మీదే ఉంది.

"ఏందిమే అట్ల సూస్తా ఉండావు?"

"నీ కూలి రాస్తా ఉండా మా. నెల కాంగానే నీ చేతిలో పెడతా."

"ఇంట్లో పనికి నాకు కూలేంది?"

అంటూనే అలివేలమ్మ తడి చేతులు పైటకు తుడుచుకుని ఫోను అందుకుంది. తన కూలి అంకె చూస్తూ చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

సోమవారం కోమలి క్యారియర్ కట్టుకుని, ఇంకా చీకటిగా ఉండగానే బస్సుకోసం రోడ్డెక్కింది.