అడ్రసు ఇవ్వని స్నేహితురాలు

నేను బడిలో కంప్యూటర్ టీచర్ని. ఫోన్‌లో ఎలా జాగ్రత్తగా ఉండాలో ఎనిమిదో తరగతికి నలభై స్లైడ్లతో చెప్తాను. వాళ్లు నలభై ఆవలింతలతో వింటారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ క్లాసులోనే చదివే నా కూతురు, మా పిడుగు, మొహం కూడా ఎరగని ఒక స్నేహితురాలిని ఫోన్‌లో సంపాదించింది.

"తనకీ పదమూడేళ్లే అమ్మా. భలే బొమ్మలేస్తుంది. శనివారం బస్టాండు దగ్గర కలుస్తున్నాం," అంది, పక్కింటికెళ్లి వస్తానన్నంత తేలిగ్గా.

నా నోరు ఊరుకుంటుందా? ఇంతెత్తున లేచాను. ఫోన్ లాక్కోబోయాను. "నువ్వెప్పుడూ ఇంతే!" అని అది గదిలోకి పోయి తలుపు ధడేల్మని వేసుకుంది. ఎల్లుండే శనివారం. కాళ్లు కట్టేసి కూర్చోబెట్టలేను కదా! నాకు ఏడుపొచ్చింది.

మా అత్తగారు వంటింట్లో బీన్సు తరుగుతున్నారు. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. వీధికుక్కలకే భయపడలేదు, కోడలికేం భయపడతారు!

"అరవడం అయిందిగా. ఇది తరుగు," అని చాకు నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరికి వెళ్లారు. "పిడుగూ! నీ ఫ్రెండుకి మంచి రంగుపెన్సిళ్లు పంపుదామే. రిజిస్టర్ పోస్టులో వేస్తే తనే సంతకం పెట్టి తీసుకుంటుంది. అడ్రసు అడుగు."

తలుపు తెరుచుకుంది. అరగంట నేను గొంతు చించుకుంటే తెరుచుకోని తలుపు! నాకు ఒళ్లు మండింది. అయినా చాకుతో సహా గుమ్మంలో నిలబడ్డాను.

పిడుగు టైప్ చేసింది. జవాబు వెంటనే వచ్చింది. "పోస్టు వద్దు. నువ్వే తీసుకురా."

"పర్లేదు, అడ్రసు చెప్పు. నానమ్మ పంపుతానంటోంది."

ఈసారి ఆలస్యమైంది. "ఇంట్లో చెప్పేశావా? ఎవరికీ చెప్పొద్దన్నాగా."

అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ముప్పై ఏళ్లు తిరిగానే తల్లీ. పార్సిల్ వచ్చిందంటే పరిగెత్తుకు రాని పిల్లని ఒక్కదాన్ని చూళ్లేదు."

"వాళ్లమ్మ తిడుతుందేమో," అంది పిడుగు. గొంతులో మునుపటి ధీమా లేదు.

అంతలో ఇంకో మెసేజ్. "సరే, శనివారం నేనే వస్తాలే. టైర్ల షాపు పక్కన నీలం గేటేగా మీది?"

పిడుగు మొహం పాలిపోయింది. "నేను చెప్పలేదు నానమ్మా! ఒట్టు! మన ఇల్లెక్కడో ఎప్పుడూ చెప్పలేదు."

"గేటు దగ్గర ఫొటోలేమైనా పెట్టావా?"

"పిల్లిది... ఒకటి."

"వెనకాల షాపు బోర్డు పడి ఉంటుంది. అది చాలు. నేనైనా ఆ ఫొటో చూసి ఉత్తరం తెచ్చిచ్చేసేదాన్ని."

"నేను చెప్పానా!" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు ఒక్క చూపు చూశారు. మింగేశాను. పిడుగు ఆవిడ ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ తప్పేం లేదు. అబద్ధమాడింది అవతలివాళ్లు," అన్నారు అత్తగారు, దాని జుట్టు నిమురుతూ. "ఒక్క మెసేజ్ కూడా చెరపకు. పద, పోలీసులకి చూపిద్దాం."

ముగ్గురం వెళ్లాం. జరిగిందంతా పిడుగే చెప్పింది. వాళ్లు చెప్పినట్టే, "శనివారం ఇంట్లో ఎవరూ ఉండరు, రా" అని జవాబూ పంపింది. శనివారం మా గేటు ముందు పోలీసులకి దొరికినవాడికి నలభై అయిదేళ్లు. అత్తగారే లేకపోతే నా నోటికి నా కూతురు నాకు దక్కేది కాదు. ఆ మాట ఆవిడతోనే అన్నాను. "చాల్లే అమ్మాయ్, పని చూడు," అన్నారు.

సోమవారం నేను పాఠం మొదలుపెట్టకముందే పిడుగు లేచి నిలబడింది. నేను చెప్పమనలేదు. అందరి ముందూ మొత్తం చెప్పింది. ఎవరూ ఆవలించలేదు.

"ఇంట్లో అరుస్తారని దాచకండి," అంది చివర్లో. "మా అమ్మ ఎంత అరుస్తుందో మీకు తెలుసుగా. అయినా చెప్పండి."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా కూతురు ఆ నిమిషంలో నాకంటే పెద్ద టీచరనిపించింది.

గంట కొట్టాక అందరూ వెళ్లిపోయారు. వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం కదల్లేదు. నా వైపు చూడకుండా, పిడుగు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మీ నానమ్మ ఇప్పుడు ఇంట్లో ఉంటుందా?"